కొలువు మారినచో వైద్యరక్షణ మారవలెనా?

రంజాను పండుగకును, సంక్రాంతి సెలవులకును మా పూర్వ విద్యార్థులు పలువురు దుత్తలూరు బస్టాండులో దిగుదురు. కొందరు సంచులు ఇంట పెట్టి, సాయంకాలమునకు కళాశాల వైపు వచ్చి మమ్ము పలుకరించిపోదురు. పది పదునైదేండ్ల క్రిందట మేము వారిని అడుగు ప్రశ్న ఒక్కటే: "ఎక్కడ పని?" ఇప్పుడు దానికి తోడు రెండవ ప్రశ్నయు అడుగవలసి వచ్చుచున్నది: "ఇది ఎన్నవ కంపెనీ?" నిరుడు శ్రీపెరుంబుదూరు అన్నవాడు ఈ ఏడు హోసూరు అనును. హైదరాబాదులో ఒక కార్యాలయమున చేరిన అమ్మాయి రెండేండ్లలో మూడవ కార్యాలయమునకు మారియుండును. దీనిని మేము తప్పు పట్టుట లేదు. వానలను నమ్ముకొని బ్రతుకవలసిన ఈ ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతమున పుట్టినవానికి రెండువేలు అధికముగా ఇచ్చు చోటు కనిపించినచో అటు పోక ఏమి చేయును?

అయితే ఈ మార్పులలో చేతినుండి జారిపోవు వస్తువు ఒకటి కలదు. జీతపు చీటీ చూచుకొనువారు దానిని గమనింపరు. అది వైద్యరక్షణ. పాత యజమాని వద్ద తనకును, తన తల్లిదండ్రులకును ఉన్న ఆసుపత్రి సౌకర్యము, ఆ కొలువు విడిచిన నాడు ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము మా విద్యార్థులకు తెలియదు. సిగ్గు విడిచి చెప్పవలెనన్న, మొన్నమొన్నటి వరకు మాకును తెలియదు. తెలియకపోవుటవలన ఒక కుటుంబమునకు కలిగిన నష్టమును కన్నులార చూచితిమి గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ యువకుడు మా మండలమువాడే. చెన్నై సమీపమున ఒక కర్మాగారములో మూడేండ్లు పని చేసెను. నెలకు 16,000 రూపాయల వేతనము. అందులో నుండి నూటికి 0.75 వంతున 120 రూపాయలు ప్రతి నెల కోసికొనెడివారు. యజమాని తన వంతుగా నూటికి 3.25 చొప్పున 520 రూపాయలు చేర్చెడివాడు. ఇది కార్మిక రాజ్య బీమా, అనగా జనులందరు ఈ.ఎస్.ఐ. అని పిలుచు పథకము. 1948లో చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ గారి చేతులమీదుగా ప్రారంభమైనది. ఆ పాత చట్టము ఇప్పుడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయినది. ఈ పథకమున కార్మికునకే గాక, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకును వైద్యము లభించును. ఖర్చు ఇంతకు మించరాదను హద్దు లేదు.

2023 సెప్టెంబరు 30న అతడు ఆ కొలువు విడిచి, బెంగుళూరులో 22,500 రూపాయల కొలువునకు పోయెను. ఆనాటి నియమము ప్రకారము నెలకు 21,000 దాటినవాడు ఈ.ఎస్.ఐ. పరిధిలోనికి రాడు. క్రొత్త యజమాని వేరు బీమా ఏదియు చేయింపలేదు. నవంబరులో అతని అమ్మీ కొన్నాళ్ళు కొడుకు వద్ద ఉండుటకు బెంగుళూరు పోయినది. ఒక రాత్రి కడుపునొప్పితో విలవిలలాడుచుండగా దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చిరి. పిత్తాశయములో రాళ్ళు, వెంటనే శస్త్రచికిత్స చేయవలెననిరి. ఆ ఆసుపత్రి మన రాష్ట్రపు ఉచిత వైద్య పథకమున చేరినది కాదు. మొత్తము లక్షా అరువదివేల రూపాయలైనది. రెండు బర్రెలు అమ్మిరి; చాలకపోగా మిగిలినదానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిరి.

2024 ఏప్రిలులో పండుగకు వచ్చినప్పుడు అతడు ఈ సంగతి మాకు చెప్పెను. "పాత కార్డు ఉండినా బాగుండు సార్. కంపెనీ మారినాక అది చెల్లదు గదా," అనెను. మేమును తల ఊపి, "అవును నాయనా, ఏమి చేస్తాం," అంటిమి. ఆ తల ఊపుటయే మా అపరాధము.

ఏలనన, ఆ కార్డు చెల్లును. జూలై నెలలో మరియొక విద్యార్థి సందేహము తీర్చుటకై నియమములు చదువుచుండగా ఆ సంగతి మాకు బోధపడినది. ఈ పథకమున చందా కాలములు రెండు: ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు రెండవది. మొదటి కాలములో కట్టిన చందాకు ఫలము వచ్చు జనవరి 1 నుండి జూన్ 30 వరకు లభించును; రెండవ కాలపు చందాకు ఫలము జూలై 1 నుండి డిసెంబరు 31 వరకు. ఒక చందా కాలములో 78 దినములకు తగ్గకుండ చందా కట్టియున్నచో, కొలువు విడిచినను ఆ చందాకు సంబంధించిన ఫలకాలము ముగియు వరకు వైద్యము పొందు హక్కు ఉండును. రైతు భాషలో చెప్పవలెనన్న, విత్తు ఒక కారున, కోత మరియొక కారున. పొలము కౌలు విడిచినంత మాత్రమున వేసిన పంట ఎవరిదో కాదు.

ఆ లెక్కన అతని కార్డు 2023 నవంబరులోనే కాదు, 2024 జూన్ 30 వరకు సజీవముగా ఉన్నది. బెంగుళూరులోనే రాజాజీనగరున ఈ.ఎస్.ఐ. వారి పెద్ద వైద్యశాల కలదు. ఆ రాత్రి కాకున్న మరునాడైనను తల్లిని అచ్చటికి మార్చియుండవచ్చును. అంతేకాదు, అతడు మా ఎదుట నిలిచి మాటాడిన ఏప్రిలు దినమున కూడ ఆ కార్డు చెల్లుచునే యున్నది. తరువాత మే నెలలో చేయించిన పరీక్షలకును వారు రొక్కమే చెల్లించిరి. మాకు విషయము తెలిసిన జూలై మొదటి వారమునకు గడువు దాటి కొన్ని దినములే అయినది.

అతడు విడిచిన కంపెనీ అతనికి అనుభవ పత్రము ఇచ్చినది, భవిష్యనిధి కాగితములు ఇచ్చినది, టోపీ, బూట్లు, గుర్తింపు కార్డు లెక్కచూచి వాపసు తీసికొన్నది. కాని, "నీ వైద్యరక్షణ ఫలాని తేదీ వరకు ఉన్నది" అను ఒక్క వాక్యము ఎవరును చెప్పలేదు. చెప్పవలెనని వారికి తోచియుండదు. మా వాదమంతయు ఈ ఒక్క వాక్యము గురించియే.

మరియొక చిక్కు కూడ ఇచ్చటనే చెప్పవలసియున్నది. ఈ.ఎస్.ఐ. సంఖ్య పది అంకెలది. మనిషికి జీవితకాలమున ఒక్కటే. కొలువు ఎన్ని మార్లు మారినను అదే సంఖ్యను క్రొత్త యజమానికి ఇయ్యవలెను. మన పిల్లలు ఆ కార్డును పాత గదిలో మరచిపోదురు. క్రొత్త కార్యాలయపు గుమాస్తా అడుగడు. క్రొత్త సంఖ్య పుట్టును. దానితో వెనుకటి చందా అంతయు వేరొకని పేరున ఉన్నట్లే. సామాన్యమైన జ్వరములకు దీనివలన నష్టము కనిపింపదు. కాని క్షయ, క్యాన్సరు వంటి దీర్ఘవ్యాధులు సోకినచో, 91 దినముల సాధారణ రుగ్మతా భృతి ముగిసిన పిమ్మట వేతనమునకు నూటికి 80 వంతున ఇచ్చు పొడిగింపు భృతికి రెండేండ్ల ఎడతెగని కొలువును, వరుస నాలుగు చందా కాలములలో 156 దినముల చందాను చూపవలెను. రెండు సంఖ్యలుగా చీలినవాడు దేనిని చూపగలడు?

ఇక 21,000 హద్దు మాట. 2017 జనవరి 1న దానిని 15,000 నుండి పెంచిరి. హద్దు ఉండుట తప్పనము. అయితే హద్దు అవతల ఏమున్నదో చూడక మనిషిని అటు త్రోయుట సరియా? ఆ యువకునకు పెరిగిన జీతము 6,500 రూపాయలు. పోయినది ఖర్చుకు హద్దు లేని వైద్యము. బేరము లాభమా నష్టమా అని అతడు తూచిచూడలేదు. తూచుటకు కావలసిన రాయి అతని చేతిలో లేదు. అదే కొలువులో ఉండగా జీతము హద్దు దాటినచో మాత్రము ఆ చందా కాలము ముగియు వరకు పథకములో ఉంచుదురు. ఆ పాటి దయ కొలువు మారినవానిపైనను చూపినచో బాగుండును గదా అని మా తలంపు.

హైదరాబాదు, బెంగుళూరు కార్యాలయములలో పనిచేయువారి సంగతి వేరు. వారికి యజమాని సామూహిక బీమా చేయించును. చక్కెర వ్యాధియు, రక్తపోటును ఉన్న అబ్బాజాన్ పేరును కూడ పెక్కు కంపెనీలు మొదటి దినము నుండియే చేర్చుకొనును. అమ్మాయి కొలువు మారిన నాడు ఆ పేరు జాబితానుండి తొలగిపోవును. క్రొత్త కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకొనకపోవచ్చును. అరువదేండ్ల వయసున, పాత వ్యాధులతో, బయట క్రొత్త పాలసీ కొనబోయినచో నిరీక్షణకాలము మొదటినుండి మొదలగును. ఆ నిరీక్షణకు గరిష్ఠ పరిమితి 48 నెలలుగా ఉండగా, బీమా నియంత్రణ సంస్థ 2024లో దానిని 36 నెలలకు తగ్గించినది. మూడేండ్లన్నను ముసలివానికి తక్కువ కాలమా?

దీనికిని ఒక ద్వారము కలదు. 2020 జనవరిలో ఆ సంస్థ వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము, సామూహిక బీమానుండి వెలుపలికి వచ్చువాడు అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకో, కుటుంబ పాలసీకో మారవచ్చును. అంతవరకు గడిచిన కాలము, వెనుకటి బీమా మొత్తము మేరకు, నిరీక్షణలో జమపడును. ప్రీమియము మాత్రము మనమే చెల్లించుకొనవలెను. వయసునుబట్టి అది బరువుగానే ఉండును. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై ఉన్న నూటికి 18 వంతుల పన్ను తీసివేసిరి గనుక ఆ బరువు కొంత తగ్గినది. అయితే ఈ ద్వారము నుండి పోదలచినవాడు కొలువు విడుచుటకు ముందే, పాలసీ సజీవముగా ఉండగనే, బీమా కంపెనీకి వ్రాసికొనవలెను. రాజీనామా ఇచ్చి, వీడ్కోలు విందు తిని, నెల గడిచిన పిమ్మట జ్ఞాపకము వచ్చినచో చేయగలిగినది స్వల్పము.

ఒక విచిత్రము చూడుడు. ఒక కంపెనీనుండి వేరొక కంపెనీకి సంఖ్య మారకుండ ఫోను మార్చుకొను సౌకర్యము దేశమంతటికిని 2011 జనవరిలో వచ్చినది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీని ఒక బీమా కంపెనీ నుండి వేరొక కంపెనీకి మార్చుకొను హక్కు అదే సంవత్సరము అక్టోబరులో వచ్చినది. మొదటిది మా కళాశాల ఎదుట టీ కొట్టువానికి కూడ తెలియును. రెండవది మా అధ్యాపకుల గదిలో అడుగగా ఒక్కరు చెప్పిరి. వారును తమ తమ్ముడు బీమా ఏజెంటు గనుక చెప్పిరి. భవిష్యనిధికి 2014లో ఏర్పడిన ఒకే ఖాతాసంఖ్య కొలువు వెంట కొలువునకు నడచివచ్చును. ధనము నడచివచ్చుచున్నది, ఫోను నడచివచ్చుచున్నది. వైద్యము మాత్రము గడప వద్ద ఆగిపోవుచున్నది.

ఈ విషయమున ఇతర దేశములవారు ఏమి చేసిరి? అమెరికాలో స్థిరపడిన నెల్లూరు జిల్లావారికి 'కోబ్రా' అను మాట సుపరిచితము. పాముతో దానికి పని లేదు. 1986 ఏప్రిలులో అధ్యక్షుడు రీగన్ సంతకము చేసిన ఒక చట్టపు పేరులోని తొలి అక్షరములు కలిసి ఆ మాట ఏర్పడినది. ఇరువది మందికి తగ్గని ఉద్యోగులున్న యజమాని వద్ద కొలువు పోయినవాడు, లేదా మానుకొన్నవాడు, సాధారణముగా 18 నెలల వరకు అదే సామూహిక బీమాలో కొనసాగవచ్చును. ఉద్యోగి మరణించినచో భార్యాబిడ్డలకు 36 నెలలు. అయితే యజమాని వంతుతో సహా మొత్తము ప్రీమియమును, దానిపై నూటికి రెండు వంతుల నిర్వహణ ఖర్చును తానే కట్టవలెను. కొలువు పోయిన నెలలో అంత ధనము ఎచ్చటినుండి తెచ్చును? అందువలన ఆ చట్టమును మేము గొప్ప వరముగా భావించుట లేదు. అచ్చటికి కొలువు వీసాపై పోయిన మనవారికి మరియొక ఇరకాటము: బీమా కొనసాగింపవలెనా వద్దా అని నిర్ణయించుకొనుటకు 60 దినములు, క్రొత్త కొలువు చూచుకొనుటకో, దేశము విడుచుటకో సాధారణముగా ఇచ్చు గడువును 60 దినములే.

కాని ఆ చట్టమున మేము మెచ్చినది ఒకటి కలదు. కొలువు ముగిసిన సంగతిని యజమాని 30 దినములలో బీమా నిర్వాహకునకు తెలుపవలెను. నిర్వాహకుడు 14 దినములలో ఆ ఉద్యోగికి అతని హక్కులను వ్రాతపూర్వకముగా తెలుపవలెను. అనగా, తెలియజేయుట చెప్పువాని ధర్మముగా చట్టమే నిర్ణయించినది. మన దేశమున తెలిసికొనుట అడుగువాని భారముగా మిగిలినది. అడుగుటకైనను, అడుగవలసినది ఒకటి ఉన్నదని ముందు తెలియవలెను గదా.

మన ప్రాంతమువారు అమెరికా కన్న అధికముగా ఎరిగినది కువైటు, సౌదీ. అచ్చట వైద్యరక్షణ నివాసపు అనుమతితో ముడిపడియుండును. ఆ అనుమతి యజమానితో ముడిపడియుండును. కొలువు పోయినచో మూడును ఒక్కమారే ఊడును. అయినను వలసపోవు శ్రామికులకై మన ప్రభుత్వము 2003లో ఆరంభించి, 2017లో సవరించిన ప్రవాసీ భారతీయ బీమా యోజనను ఇచ్చట తలచవలెను. పదవ తరగతి గట్టెక్కక, ప్రభుత్వ అనుమతితో గల్ఫు దేశములకు పోవువారికి అది తప్పనిసరి. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయల ప్రీమియము. ప్రమాదమున మరణించినను, శాశ్వత వైకల్యము కలిగినను పది లక్షల రూపాయలు. ఇందులో మాకు నచ్చిన మాట ఏమనగా, యజమాని మారినను, పనిచేయు చోటు మారినను ఆ రక్షణ చెడదు. ఇల్లు ఊడ్చుటకు కువైటు పోయిన మన అక్కచెల్లెండ్రకు ఇయ్యగలిగిన న్యాయమును, చెన్నై పోయిన తమ్మునకు ఏల ఇయ్యలేకపోయితిమి? ఆ పథకమున వైద్యమునకు ఇచ్చునది స్వల్పమే. అయినను బీమా మనిషి వెంట పోవలెను గాని పీట వెంట కాదను సూత్రము అందున్నది.

ఈ సందర్భమున ఉదయగిరి కొయ్యగరిటెల పనివారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. వారి చేతిపనికి భౌగోళిక గుర్తింపు వచ్చినది గాని, విడిచిపోవుటకు వారికి యజమానియే లేడు. కొనసాగించుటకు రక్షణయు లేదు. వారి విషయము వేరొక వ్యాసము కోరుచున్నది.

యజమానులు మమ్ము అడుగవచ్చును: "విడిచిపోయినవాని వైద్యమునకు మేమేల చెల్లింపవలెను?" చెల్లింపుమని మేము అడుగుట లేదు. బీమా కంపెనీలు అడుగవచ్చును: "ఆరోగ్యవంతులు మానుకొని రోగులు మాత్రమే కొనసాగినచో మా గతి యేమి?" ఇది న్యాయమైన ప్రశ్నయే, అందుకే ప్రీమియము పూర్తిగా ఉద్యోగియే కట్టుకొనవలెననుటలో మాకు అభ్యంతరము లేదు. మేము కోరునది ఒక కాగితము. కొలువు విడుచు నాడు, అనుభవ పత్రముతో పాటు ఇయ్యవలసిన కాగితము. దానిపై ఉద్యోగి బీమా సంఖ్య, అతనికిని అతని వారికిని వైద్యము లభించు ఆఖరు తేదీ, వ్యక్తిగత పాలసీకి మారుటకు ఏ చిరునామాకు ఎన్నటిలోగా వ్రాయవలెనో ఆ వివరము ఉండవలెను. తెలుగులోనో, ఉర్దూలోనో, చదువరికి తెలిసిన భాషలో ఉండవలెను. ఈ కాగితము ఇచ్చుట చట్టప్రకారము విధిగా చేయవలెను. దీనికి ప్రభుత్వమునకు పైసా ఖర్చు లేదు. కంపెనీకి ఒక పుట ముద్రించు ఖర్చు.

పదవీ విరమణ చేసినవారి విషయమున ఇంతకన్న ఉదారమైన నియమమే ఈ.ఎస్.ఐ.లో కలదు. అయిదేండ్లకు తగ్గకుండ బీమాలో ఉండి పదవీ విరమణ చేసిన కార్మికుడు, ఏడాదికి 120 రూపాయలు కట్టి, తానును తన భార్యయు వైద్యము పొందవచ్చును. నెలకు పది రూపాయలు! మా ఎరుకలో మిల్లులలోను, కర్మాగారములలోను పనిచేసి ఊరికి తిరిగివచ్చిన పెద్దలు నలుగురైదుగురు కలరు. వారిని విచారించితిమి. ఒక్కరును ఆ 120 రూపాయలు కట్టుట లేదు. ఒకాయన, "పని లేనివాడికి కార్డెందుకిస్తారు బాబూ," అని మమ్మే ఎదురు ప్రశ్నించెను.

మా కళాశాలలో ఉద్యోగ మార్గదర్శనమని ఏటేట ఒక సభ జరుపుదుము. అందులో దరఖాస్తు వ్రాయుట, ఇంటర్వ్యూలో కూర్చుండుట, ఆంగ్లమున పలుకుట నేర్పుదుము. కొలువులో చేరుటయే నేర్పితిమి గాని, కొలువు విడుచుట నేర్పలేదు. ఇకమీదట ఆ సభలో అర్ధగంట దీనికి కేటాయింపవలెనని అధ్యాపకులము అనుకొంటిమి.

ఆ యువకుడు 2025లో బెంగుళూరు విడిచి, ఇంటికి దగ్గర కావలెనని శ్రీసిటీలో ఒక కర్మాగారమున చేరినాడు. జీతము 20,000, మరల ఈ.ఎస్.ఐ.లోనికి వచ్చినాడు. చేరు దినమున కార్యాలయములో క్రొత్త సంఖ్య తీయబోగా, అతడు జేబులోనుండి చెన్నై నాటి పాత కార్డు తీసి బల్లపై పెట్టినాడట. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కార్డును మాకు చూపి, "సార్, ఇప్పుడు మానేస్తే ఇది ఎప్పటిదాకా చెల్లుతుందో లెక్క చెప్పండి," అనెను. మానుదువా అని అడిగితిమి. "లేదు సార్, ఊరికే తెలుసుకుందామని," అనెను. కూర్చుండి చందా దినములు లెక్కించి, తేదీని ఒక చీటీపై వ్రాసి ఇచ్చితిమి. అతడు దానిని కార్డు వెనుక అంటించుకొనెను.